గోడవైపు తిరిగిన కుర్చీ

నేను ఒక వెండి సూదిని. వయసు రెండు వందల ఏళ్ల పైమాట. ఒక రాణిగారు తన పెళ్లి ముసుగుకు అంచు అల్లుకున్నది నాతోనే. ఆ అంచు చూసిన ఓడ నాయకుడొకడు లంగరు ఎత్తడం మరిచిపోయి, ఓడను రేవులోనే కుళ్లబెట్టుకున్నాడు. ఇప్పుడు నేను మధ్యధరా సముద్రంలోని సైప్రస్ దీవిలో, లిథారి అనే కొండపల్లెలో, ఒక చిన్న మ్యూజియంలో ఎర్ర మఖమలు గుడ్డ మీద పడుకుని ఉంటాను. బస్సుల్లో వచ్చినవాళ్లు నా ముందు వంగి, ఆ రోజుల్లో పనితనమే వేరని నిట్టూర్చి, ముక్కులు ఆనించి గాజును మసకచేసి వెళతారు.

వాళ్లు వెళ్లిపోయారు కనుక మీకు అసలు సంగతి చెబుతాను. నవ్వకూడదు మరి. నేను సైకిలు చక్రంలో పుల్లని.

రాణీ లేదు, ఓడా లేదు. నర్సాపురం అవతల, గోదావరి గట్టు కింద ఒక ఊళ్లో ఐసు పెట్టె సైకిలు ఉండేది. దాని వెనక చక్రంలో తిరుగుతూ పెరిగాను. ఆ ఐసులవాడు ఒక వేసవిలో గట్టు దిగుతూ, బ్రేకు అందక, సైకిలుతో సహా పంటకాలవలోకి దిగాడు. కాలవలో చేపలు సాయంత్రం దాకా పుల్ల ఐసు చప్పరించాయని ఊరంతా చెప్పుకుంది. నేను అక్కడే మునిగి ఉన్నాను కాబట్టి నా సాక్ష్యం కూడా రాసుకోండి. వంకరపోయిన చక్రంలోంచి ఊడబీకి పారేస్తే నన్ను ఒకావిడ ఏరుకుంది, వీరవేణి అనే అమ్మాయికి మేనత్త. సైకిలు షాపువాడి చేత తుంపించి, ఆకురాయితో కొన అరగదీయించి, దానికి చిన్న కొక్కెం కోయించి, వెదురు పిడి తొడిగించింది. అలా లేసు అల్లే సూదినయ్యాను. ఒంటి మీద నికెలు పూత తళతళలాడేది. వెండి అనుకోవడం వాళ్ల తప్పు కాదు, నా అందం తప్పు. ఆ వెదురు పిడిని ఇక్కడివాళ్లు ఏనుగుదంతం అనుకుంటున్నారు. ఏనుగుకు తెలిస్తే ఏమంటుందో!

మా వైపు లేసు అల్లడమంటే అరుగు మీద, వీధికి ముఖం పెట్టి కూర్చోవడం. దారం దారిన దారం పోతూ ఉంటుంది, కళ్లు వీధి పనిలో ఉంటాయి. ఎవరింటికి ఎవరొచ్చారో, ఏ కోడలు ముఖం ముడుచుకుని నీళ్లకు వెళ్లిందో చూడకపోతే మా ఆడవాళ్ల చేతులు సాగవు. మేనత్త పోయాక నేను వీరవేణి చేతికి వచ్చాను. వీరవేణి అప్పటికే ఒంటరిది. మొగుడు చేపల చెరువుల కాపలాకని వెళ్లి, ఆ చెరువు గట్టునే మరో సంసారం పెట్టుకున్నాడు. కూతురు హిమబిందు భీమవరంలో నర్సింగులో చేరింది. ఆ పిల్ల చదువు గట్టెక్కించడానికి వీరవేణి సైప్రస్‌లో ఒక ముసలమ్మను చూసుకునే పనికి ఒప్పుకుంది. విమానాశ్రయంలో సూదులు లాక్కుంటారని ఎవరో భయపెడితే, నన్ను జడముడిలో పిన్నులా గుచ్చుకుంది. నా మీదుగా పోయిన తనిఖీ యంత్రం సిగ్గుపడి కిక్కురుమనలేదు.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. ఆ ముసలమ్మ ఆ ఇంట్లో ఉన్నంతవరకే వీరవేణికి ఆ దేశంలో ఉండే అనుమతి. ముసలమ్మ కదిలితే ఈమె కదలాలి.

లిథారి అందమైన ఊరు. కాదనను. తేనెరంగు రాతి ఇళ్లు, నీలం తలుపులు, వీధి మీదకు పాకిన ద్రాక్ష తీగ, ప్రతి గుమ్మం దగ్గరా తులసిలాంటి మొక్క, దాని పక్కన ఊరికి సొంతదారులా పడుకున్న పిల్లి. దీవి చూడ్డానికి వచ్చినవాళ్లను పొద్దున ద్రాక్షసారా ఊరికి, తరవాత కుండలు చేసే ఊరికి, మధ్యాహ్నానికి మా లేసు ఊరికి తిప్పేవారు. బస్సు దిగినవాళ్లందరూ ఒకే మాట అనేవారు, ఇక్కడే ఉండిపోవాలనిపిస్తోందని. అంటూనే వాచీ చూసుకునేవారు. ఉండిపోయినవాళ్లు ఆ ఊళ్లో ఎంతమందో ఎవరూ అడగలేదు. మా సందులో అయితే ఒక్క క్రిస్తాల్లా.

క్రిస్తాల్లా మా ముసలమ్మ. మనిషి ఎండు ఖర్జూరంలా ఉండేది. నోరు మాత్రం పచ్చిమిరపకాయ. వీరవేణి ఆమెను మామ్మ అనేది. ఆమె వీరవేణిని "కోరీ మూ" అనేది, నా బిడ్డా అని అర్థం. మిగతా మాటలన్నీ సగం గ్రీకు, సగం తెలుగు, నడుమ చేతులు. ఈ ఊరి లేసు మా లేసు కాదు. మాది కొక్కెంతో దారాన్ని ముడులు ముడులుగా అల్లుకుపోవడం. వాళ్లది తెల్లటి నార గుడ్డలో పోగులు తీసేసి, ఆ ఖాళీల చుట్టూ మామూలు సూదితో కుట్టడం. అక్కడి ఆడవాళ్లు కుర్చీలు సందులో వేసుకుని, సందుకు వీపు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చుంటారు. వెలుగు భుజం మీదుగా గుడ్డ మీద పడాలి, ఎండ కంట్లో పడకూడదు. మొదటిరోజు చూసి వీరవేణి బుగ్గ నొక్కుకుంది. వీధి చూడకుండా ఆడది పని ఎలా చేస్తుందని!

ఆ కుర్చీకి ఒక ఆచారం ఉంది. గోడవైపు తిరిగి ఉన్నంతకాలం ఆ మనిషి పనిలో ఉన్నట్టు. ఇక చెయ్యి సాగదనుకున్నాక, అదే సందులో పనిచేసిన మరో లేసు మనిషి వచ్చి ఆ కుర్చీని వీధివైపు తిప్పాలి. ఎవరి కుర్చీ వాళ్లు తిప్పుకోకూడదు, మగవాళ్లు ముట్టకూడదు. తిప్పాక ఆమె ముఖం ఊరిది. వచ్చేపోయేవాళ్లు ఆగి పలకరిస్తారు, మొదటి ద్రాక్షగుత్తి ఆమె ఒళ్లో పెడతారు. క్రిస్తాల్లా తన తల్లి కుర్చీ తిరగడం చూసింది, చుట్టుపక్కలవాళ్లవి తానే తిప్పింది. తన వంతు వచ్చేసరికి తిప్పేవాళ్లు ఎవరూ లేరు.

వీరవేణి వచ్చిన రెండో శీతాకాలంలో ముసలమ్మకు కుడిపక్క పడిపోయింది. చెయ్యి ఒళ్లో వేసుకుని మంచం మీదే ఉండిపోయింది. అప్పుడు పానికోస్ వచ్చాడు. ఆమె మేనల్లుడు, సందు చివర కాఫీ కొట్టు అతనిదే. చెడ్డవాడు అనలేను. అత్త గది పొయ్యికి కట్టెలు తానే మోసేవాడు. కాకపోతే బస్సు ఆ సందులో ఆగేది అత్తను చూడ్డానికే, జనం కాఫీ తాగేది బస్సు ఆగినందుకే.

వంటింట్లో స్టూలు మీద కూర్చుని, టోపీ చేతిలో నలుపుతూ చెప్పాడు. "వీరా, బస్సు ఆగకపోతే నా కొట్టు లేదు. కొట్టు లేకపోతే అత్తను ఇంట్లో ఉంచలేను, పట్నంలో వృద్ధాశ్రమానికి పంపాలి. అప్పుడు నువ్వూ వెళ్లాలి. నువ్వు అత్త బట్టలు వేసుకుని కుర్చీలో కూర్చో. చూసేది వీపే కదా. వీపు మీద పేరు రాసి ఉంటుందా?"

వీరవేణి గోడకు వేలాడుతున్న నల్ల గౌను వైపు చూసింది. చూడ్డమంటే ఒప్పుకోవడమేనని నాకు తెలిసిపోయింది.

మర్నాటి నుంచి నల్ల గౌను, నల్ల తలగుడ్డ, కొంచెం వంచిన నడుము. నార గుడ్డ పని రాదు కనుక నన్నే తీసింది. కుర్చీకి కాస్త దూరంలో పానికోస్ తాడు కట్టాడు. గైడు పిల్ల గొంతు తగ్గించి, "అమ్మమ్మ కళ్లు బలహీనం, దగ్గరికి వెళ్లకండి" అనేది. వచ్చినవాళ్లు గుడిలో నిలబడ్డట్టు నిలబడేవారు. ఒకామె కళ్లు తుడుచుకుంది. ఒకాయన ఆ వీపులో వెయ్యేళ్ల నాగరికత కనిపిస్తోందని పెళ్లానికి చెప్పాడు. మా వీరవేణి వీపుకు అంత బరువైన మాట మోసే అలవాటు లేదు, జివ్వుమని దురద పుట్టి భుజం కదిపింది. జనం మురిసిపోయారు, బతికే ఉందని.

ఆదివారాలు వీరవేణి పక్క ఊరు వెళ్లేది. అక్కడ ఒక అతిథిగృహంలో దుర్గాభవాని పనిచేసేది, పాలకొల్లు మనిషి. ఇద్దరూ చర్చి వెనక మెట్ల మీద కూర్చుని ఇంటి భాషలో నోటి దురద తీర్చుకునేవారు.

"ఆ నల్లగౌన్లో మీవోళ్లు చూస్తే జడుసుకుంటారే," అంది దుర్గాభవాని. "మొన్న మా గెస్టులు ఫోటో చూపించారు. ముసిల్దాని వీపు అన్నారు. ఆ కూర్చోడం చూసి మన వీరవేణే అనుకున్నా. నవ్వాపుకోలేక బాత్రూంలోకి పారిపోయాను."

"నవ్వు, నవ్వు. నీకేం."

"నవ్వకేంటే మరి? ముఖమ్మీద మీసాలొక్కటే తక్కువ, నాటకాల్లో ఏషం కట్టినట్టుంది." తరవాత గొంతు మార్చింది. "ముసలావిడకి తెలుసా?"

వీరవేణి మెట్టు మీద పెచ్చు గోటితో పీకింది. "కిటికీ తీసే ఉంటాది. గైడు పిల్ల రోజూ 'ఈవిడే క్రిస్తాల్లా, ఇంకా ఈ వయసులో కుడతానే ఉంది' అంటాది. ఇనపడకుండా ఎలాగుంటాదే?"

"ఏమంటాది మరి?"

"ఏమీ అనదు. కుర్చీ ఎటుంది అని అడుగుతాది. రోజూ అదే అడుగుతాది."

"నువ్వేం చెప్తావ్?"

"గోడవైపే ఉంది మామ్మా అంటాను. కళ్లు మూసుకుంటాది."

మొదట్లో వీరవేణి ఆ ప్రశ్నను ముసలితనపు చాదస్తం అనుకుంది. ఒకరోజు క్రిస్తాల్లా ఎడమచేత్తో అగ్గిపెట్టె తీసి దుప్పటి మీద నిలబెట్టింది. దాన్ని గోడవైపు చూపించి, కుడుతున్నట్టు వేళ్లు ఆడించింది. ఆపైన అగ్గిపెట్టెను నెమ్మదిగా కిటికీవైపు తిప్పి, దాని ముందు చెయ్యి ఊపుతూ పోయేవాళ్లందరినీ పేరుపేరునా పలకరించింది. వాళ్లలో బతికున్నవాళ్లు తక్కువ. చివరికి తన గుండె మీద చూపుడువేలు ఆనించి వీరవేణి ముఖంలోకి చూసింది.

వీరవేణికి అర్థమైంది. అర్థమైనట్టు కనబడకుండా జావ గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది. ఆ మధ్యాహ్నం బస్సు వచ్చింది. గౌను తొడుక్కుని కూర్చుంది. హిమబిందుకు ఇంకా ఒక ఏడాది చదువు ఉంది. కానీ ఆ రోజు నుంచి నన్ను పట్టుకునే పట్టు మారింది. ముడి బిగుసుకుపోయేది, విప్పేది, మళ్లీ వేసేది. అల్లిన ముక్క చేతిలో పెరగడం మానేసింది. ఇన్నాళ్లూ వీధి చూడకుండా పనిచేయడం రాదన్న మనిషి, గోడలో రాళ్ల మధ్య సున్నపు గీతలు తప్ప మరేదీ చూడలేకపోయింది. చేసేది దొంగతనమైతే ఎవరి సొమ్మో చెప్పవచ్చు. ఒక మనిషి ముఖాన్ని వీధికి అందకుండా చేయడాన్ని ఏమనాలో మా ఇద్దరికీ తెలియలేదు.

వేసవి చివర్లో ఒక బస్సులో ఎలెంగూ వచ్చింది. క్రిస్తాల్లా ఈడుది, ఒకప్పుడు పక్క కుర్చీ ఆమెది. కొడుకు దగ్గర ఉండడానికి పట్నం వెళ్లిపోయింది. మనవరాలు తిప్పుతానంటే, పుట్టిన ఊరిని టికెట్టు కొని చూడ్డానికి వచ్చింది. తాడు దగ్గర అందరితోపాటు నిలబడి ఆ వీపును చూసింది. గైడు పిల్ల పాఠం ఒప్పజెబుతోంది.

"అది క్రిస్తాల్లా కాదు," అంది ఎలెంగూ పైకే.

గైడు పిల్ల నవ్వింది. "అమ్మమ్మా, మీకు..."

"మోచెయ్యి ఏది? నార పని చేసేదానికి పోగు లాగినప్పుడల్లా మోచెయ్యి రెక్కలా పక్కకు లేవాలి. ఇంత వయసొచ్చేదాకా ఆ మోచెయ్యి నా పక్కటెముకల్లో పొడిచింది. నాకు తెలియదా? దీని మోచెయ్యి డొక్కకు అంటుకుపోయింది!"

నిజమే. మా అల్లికలో మణికట్టు తిరుగుతుంది, మోచెయ్యి కదలదు. వేషం వేసినవాళ్లకు గౌను దొరికింది, తలగుడ్డ దొరికింది, మోచెయ్యి సంగతి ఎవరికీ తట్టలేదు.

ఎలెంగూ తాడు ఎత్తి దూరి వచ్చింది. వీరవేణి ముఖం చూసింది, చేతిలో నన్ను చూసింది, నేరుగా ఇంట్లోకి నడిచింది. లోపలి నుంచి క్రిస్తాల్లా కేక కిటికీ దాటి వచ్చింది.

"ఎలెంగూ! చచ్చావనుకున్నానే!"

"నువ్వు చావకుండా నేనెందుకు చస్తానే? నీ శవం దగ్గర నీ కుట్లు వంకరని చెప్పేదెవరు?"

"నావి వంకరా? నీ పెళ్లి దుప్పటి నేను కుట్టబట్టి నీకు మొగుడు నిలిచాడు!"

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఎప్పుడు ఏడుపుగా మారిందో బయటివాళ్లకు తెలియలేదు. కాసేపటికి ఎలెంగూ గుమ్మంలోకి వచ్చి, కుర్చీ వీపు మీద చెయ్యి వేసింది. అది పాత అక్రోటు కర్ర కుర్చీ, బండెడు బరువు. ఆమె ఒక్కతి వల్ల కాదు. పానికోస్ కాఫీ ట్రేతో పరుగెత్తుకొచ్చి అడుగు దూరంలో ఆగిపోయాడు. ముట్టుకోకూడదని అతనికీ తెలుసు. వీరవేణి వైపు మాత్రం చూశాడు. ఆ చూపులో కొట్టు ఉంది, ఆశ్రమం ఉంది, విమానం ఉంది.

ఎలెంగూ వీరవేణి చేతిలోని అల్లిక ముక్కను వేళ్ల మధ్య నలిపి చూసింది. "ఇది మా పని కాదు. అయినా దారం పనే. నువ్వు ఈ సందులో కూర్చుని పనిచేశావు. చెయ్యి వెయ్యి."

వీరవేణి లేచింది. తలగుడ్డ తీసేసింది. నల్లటి జుట్టు చూసి తాడు అవతల ఎవరో అయ్యో అన్నారు. ఆమె నన్ను పళ్ల మధ్య కరిచిపెట్టుకుని, కుర్చీ చేతిని పట్టుకుంది. ఆ పళ్లు నన్ను ఎంత గట్టిగా నొక్కాయో నాకొక్కదానికే తెలుసు. తనను ఆ దేశంలో నిలబెడుతున్న కుర్చీని తన చేత్తోనే ఎత్తి, రాళ్ల మీద కీచుమంటుండగా వీధివైపు తిప్పింది. లోపలికి వెళ్లి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు క్రిస్తాల్లాను ఎత్తుకొచ్చి కూర్చోబెట్టింది.

ముసలమ్మ ఎండకు కళ్లు చికిలించింది. సందు ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. "ఇంతమంది ఎవరే?" అంది.

"నిన్ను చూడ్డానికే వచ్చారు మామ్మా," అంది వీరవేణి తెలుగులోనే.

జనం మొదట తెల్లబోయారు, తరవాత ఇది కూడా కార్యక్రమంలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. ముఖానికి వీపు కంటే ఎక్కువ ఫోటోలు తీశారు. పానికోస్ ట్రేలో కాఫీలన్నీ చల్లారిపోయాయి.

మరుసటి వారం బస్సు ఆ సందు మానేసింది. మోసం చేశారని ఎవరో రాశారట. శీతాకాలానికి ముందే పానికోస్ కొట్టు తలుపులు మూశాడు. అత్తను తీసుకెళ్లడానికి ఆశ్రమం కారు వచ్చే రోజూ, వీరవేణి విమానం రోజూ ఒకటే అయింది. ఈలోగా కొన్నాళ్లు మాత్రం క్రిస్తాల్లా పొద్దున్నే కుర్చీలో కూర్చునేది. కూరలమ్మేవాడు, పూజారి, పిల్లులు, ఎవరొచ్చినా పలకరింపే. వీరవేణి పక్కన అరుగు మీద కూర్చుని, వీధికి ముఖం పెట్టి, మా ఊరి పద్ధతిలో నన్ను ఆడించేది. ఆ ముక్క మాత్రం చక్కగా పెరిగింది.

వెళ్లే పొద్దున నేను ముసలమ్మ ఎడమ గుప్పిట్లో ఉన్నాను. వీరవేణి చీరలు సర్దుకుంటున్నప్పుడు ముసలమ్మే నన్ను పక్క మీద నుంచి దొంగిలించి, దుప్పటి కింద దాచేసింది. వీరవేణి వెతికి వెతికి గుప్పిట్లోంచి తొంగిచూస్తున్న నా వెదురు పిడి చూసింది. తీసుకోబోయి ఆగింది. నవ్వి, "ఉంచుకో మామ్మా, నాకు సైకిలు పుల్లలకేం కరువు?" అంది.

ఆశ్రమంలో క్రిస్తాల్లా పోయినప్పుడు ఆ గుప్పిట విప్పినవాళ్లు నన్ను పానికోస్‌కు ఇచ్చారు. అత్త వస్తువే అనుకుని, ఆ ఇంటిని మ్యూజియం చేసినప్పుడు అతనే ఇక్కడ పెట్టాడు. బస్సులు మళ్లీ వస్తున్నాయి. హిమబిందు చదువు ఏమైందో నాకు తెలియదు. సూదులకు కబుర్లు చెప్పేవాళ్లు ఎవరు?

నా అబద్ధాలు మీరు ఎక్కడికక్కడ పట్టుకునే ఉంటారు. రాణి, ఓడ, ఐసు చప్పరించిన చేపలు. వాటికి నేను సిగ్గుపడను. కానీ ఒకటి మీరు నమ్మి ఉంటారు. వీరవేణి నన్ను ఉంచుకోమన్న మాట. అది నేను కల్పించాను. నా పిడి గుప్పిట్లోంచి బయటికి కనిపించనేలేదు. ఆమె మంచం కింద వెతికింది, దిండ్లు దులిపింది, బయట కారు హారన్ కొడుతుంటే సర్దిన పెట్టె మళ్లీ విప్పి వెతికింది. ముసలమ్మ నిద్ర నటిస్తూ పడుకుంది. చివరికి వీరవేణి మంచం దగ్గర వంగి, ఆ మూసిన గుప్పిట మీద చెయ్యి వేసి నిమిరి, "ఎల్లొస్తాను మామ్మా" అంది. ఆ చేతికీ నాకూ మధ్య ముసలి వేళ్లే అడ్డం.